తరుగులో దాగేది: ఉజ్జాయింపు గణనలో భద్రత, సమాచార గోపనం

బంగారు నగ చేయించుకుంటే బిల్లులో తరుగు అని ఒక పద్దు ఉంటుంది. ధాన్యం కాటా దగ్గర తేమ, తాలు పేరు చెప్పి బస్తాకు ఇంత అని తీసేదీ తరుగే. తరుగు ఉండటంలో అన్యాయమేమీ లేదు. బంగారం కరిగించి, సాగదీసి, మెరుగుపెడితే కొంత పోతుంది, వడ్లు ఆరితే బరువు తగ్గుతాయి. చిక్కల్లా ఇంత శాతం దాకా పోవచ్చునని ఇరుపక్షాలూ ఒప్పుకున్న తరువాత మొదలవుతుంది. ఆ శాతం లోపల నిజంగా పోయినదెంత, ఎవరైనా తీసుకున్నదెంత అన్నది కాటా చెప్పలేదు. కంప్యూటర్ చిప్‌ల రూపకల్పనలో కొన్నేళ్ళుగా బలపడుతున్న ఉజ్జాయింపు గణన అనే పద్ధతికి భద్రత వైపు నుంచి ఎదురవుతున్న ప్రశ్న కూడా ఇదే.

ఇంజనీర్లు అప్రాక్సిమేట్ కంప్యూటింగ్ అని పిలిచే ఈ పద్ధతి వెనుక ఉన్న ఆలోచన సరళమైనది. ప్రతి లెక్కా చివరి అంకె దాకా కచ్చితంగా తేలవలసిన పని లేదు. ఫోటోలో ఒక చుక్క ఎరుపు విలువ 200 ఉండవలసిన చోట 201 ఉంటే కన్ను పట్టదు. పాటలో ఒక శబ్ద నమూనా వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే చెవి పట్టదు. బొమ్మలో ఉన్నది పిల్లో కుక్కో తేల్చే న్యూరల్ నెట్‌వర్క్ తన కోట్లాది గుణకారాల్లో కొన్ని కాస్త తప్పినా అదే జవాబు చెబుతుంది. అలాంటి చోట చివరి అంకె కోసం పెట్టే విద్యుత్తు దండగ ఖర్చు కనుక, వోల్టేజీ తగ్గించడం, సర్క్యూట్‌లో కొన్ని గేట్లు తీసేయడం, లూపులో కొన్ని ఆవృత్తులు దాటవేయడం వంటి ఉపాయాలతో ఆ ఖర్చు ఆదా చేస్తారు.

మెమరీ విషయంలో ఈ ఆదా ఎలా జరుగుతుందో చూస్తే తరువాతి వాదన తేలిగ్గా అర్థమవుతుంది. ఫోను, కంప్యూటర్ పనిచేసేటప్పుడు డేటాను ఉంచుకునే డీర్యామ్ మెమరీలో ప్రతి గడీ ఛార్జిని నిలవ చేసే ఒక చిన్న కెపాసిటర్. అందులోని ఛార్జి చిల్లికుండలో నీళ్ళలా కారిపోతూ ఉంటుంది కాబట్టి, సాధారణ ఉష్ణోగ్రతలో ప్రతి 64 మిల్లీసెకన్లలోపు ప్రతి గడినీ ఒకసారి చదివి మళ్ళీ నింపాలి. దీన్నే రిఫ్రెష్ అంటారు, దీనికి నిరంతరంగా విద్యుత్తు ఖర్చవుతూనే ఉంటుంది. 2011లో వచ్చిన ఫ్లికర్ అనే పరిశోధన ఒక మార్గం చూపింది. ప్రోగ్రామర్ ముఖ్యమైన డేటానూ, కాస్త చెడినా ఫరవాలేని డేటానూ విడదీసి చెబితే, రెండో రకాన్ని తక్కువసార్లు రిఫ్రెష్ అయ్యే భాగంలో పెట్టవచ్చు. అలా చేస్తే మొబైల్ పరికరంలో మెమరీ వ్యవస్థ వాడే విద్యుత్తులో 20 నుంచి 25 శాతం మిగులుతుందని ఆ పరిశోధకులు చూపారు. బ్యాటరీ మీద నడిచే పరికరానికి ఇది చిన్న సంగతి కాదు.

ఆదా ఎంతో చెప్పాక, పొరపాటు ఎంతో కూడా చెప్పాలి. ఉజ్జాయింపు సర్క్యూట్ గురించిన పత్రాల్లో సాధారణంగా కనిపించేది గరిష్ఠ దోషం ఎంత, సగటు దోషం ఎంత, బొమ్మ నాణ్యత ఎంత తగ్గింది అనే అంకెలే. అన్నీ దోషం ఎంత అన్నదాన్నే కొలుస్తాయి. ఆ దోషం ఎలాంటిది, ఏ దిక్కున వస్తుంది, దేనివల్ల వస్తుంది, మళ్ళీ అదే లెక్క చేస్తే మళ్ళీ అదే దోషం వస్తుందా అన్నవి ఆ పత్రంలో ఉండవు. భద్రతకు సంబంధించిన గొడవలన్నీ ఈ రాయని భాగంలోనే పుడుతున్నాయి.

ఒక చిన్న కూడికను దగ్గరగా చూద్దాం. 77కు 54 కలిపితే 131. ద్విసంఖ్యామానంలో 77 అంటే 0100 1101, 54 అంటే 0011 0110. కూడికలో శ్రమంతా ఒక స్థానం నుంచి పక్క స్థానానికి పంపే క్యారీది. అది అంచెలంచెలుగా ప్రయాణించవలసి రావడం వల్లే ఆలస్యం, విద్యుత్తు ఖర్చు. అందుకని కొన్ని ఉజ్జాయింపు కూడిక సర్క్యూట్లు పై భాగాన్ని మాత్రమే నిజంగా కూడి, కింది భాగంలో కూడికకు బదులు ‘ఆర్’ అనే తర్కక్రియతో సరిపెడతాయి. అంటే రెండు బిట్లలో ఏ ఒక్కటి 1 అయినా జవాబు 1, క్యారీ ఊసే లేదు. అత్యంత సరళమైన రూపంలో, కింది నాలుగు బిట్లకు ఇలా చేసి పై భాగానికి ఏమీ పంపకపోతే, కింద 1101, 0110 కలిసి 1111 అవుతాయి, పైన 0100, 0011 కలిసి 0111 అవుతాయి. జవాబు 0111 1111, అంటే 127. నాలుగు తగ్గింది.

ఈ నాలుగు ఎక్కడి నుంచి వచ్చిందో గమనించాలి. రెండు సంఖ్యల కింది భాగాల్లోనూ 1 ఉన్న స్థానం ఒక్కటే, దాని విలువ 4. ఏ రెండు సంఖ్యలు తీసుకున్నా ఈ సర్క్యూట్ చేసే దోషం రెండింటిలోనూ ఉమ్మడిగా ఉన్న బిట్ల విలువకు సరిగ్గా సమానం. కాబట్టి ఈ దోషానికి ఒక నడవడి ఉంది. అది 0 నుంచి 15 లోపే ఉంటుంది. జవాబును ఎప్పుడూ తగ్గిస్తుందే తప్ప పెంచదు. అన్ని రకాల సంఖ్యలూ సమానంగా వచ్చే చోట, 256 సందర్భాల్లో 81 సార్లు అసలు దోషమే ఉండదు, 15 అనే గరిష్ఠ దోషం ఒక్కసారే వస్తుంది, సగటు 3.75. ఇంకో సంగతి, కచ్చితమైన జవాబూ ఉజ్జాయింపు జవాబూ రెండూ చూడగలిగినవాడికి లోపలికి వెళ్ళిన సంఖ్యల ఉమ్మడి బిట్లు తెలిసిపోతాయి. దోషమే లోపలి డేటా గురించి ఒక వార్త మోస్తోంది.

ఇప్పుడు ఈ కూడిక సర్క్యూట్‌లోకి ఒక హార్డ్‌వేర్ ట్రోజన్, అంటే ఎవరో రహస్యంగా చేర్చిన దొంగ సర్క్యూట్, చేరిందనుకుందాం. చిప్‌ను గీసేది ఒకరు, అందులోని కొన్ని భాగాలు బయటి నుంచి కొనేది ఒకరు, తయారుచేసేది ఇంకో దేశంలో ఇంకొకరు అయిన నేటి పరిశ్రమలో ఇది ఊహాజనితమైన భయం కాదు, రూపకర్తలు లెక్కలోకి తీసుకునే ప్రమాదమే. ఆ ట్రోజన్ చేసే పని చాలా చిన్నది. ఒక ప్రత్యేకమైన సంకేతం వచ్చినప్పుడు, జవాబులోని చివరి బిట్ తీసేసి దాని స్థానంలో రహస్య తాళంలోని, అంటే డేటాను గూఢలిపిలోకి మార్చే రహస్య సంఖ్యలోని, ఒక బిట్ పెడుతుంది. ఏఈఎస్ అనే గూఢలిపి పద్ధతిలో వాడే 128 బిట్ల తాళం బయటికి పోవడానికి 128 కూడికలు చాలు. కచ్చితమైన కూడిక సర్క్యూట్‌లో ఈ పని జరిగితే పరీక్షలో 131 బదులు 130 కనపడిన క్షణమే దొరికిపోతుంది. ఇక్కడ మాత్రం 15 దాకా తేడా రావచ్చునని ఒప్పందంలోనే ఉంది కాబట్టి 127 బదులు 126 వచ్చినా తనిఖీ యంత్రం సరే అంటుంది. రెండు కింది భాగాలూ 1111 అయిన ఒక్క సందర్భంలో మాత్రమే దోషం 16కు చేరి హద్దు దాటవచ్చు. ఆ ఒక్కటీ వదిలేసేపాటి తెలివి ట్రోజన్ రాసినవాడికి ఉండదనుకోవడం అమాయకత్వం.

దొంగ దొరకడానికి దారి లేకపోలేదు. మామూలుగా ఈ సర్క్యూట్ జవాబులో చివరి బిట్ నాలుగింట మూడుసార్లు 1 అవుతుంది. రహస్య తాళపు బిట్లు దాదాపు సగంసగం ఉంటాయి. ట్రోజన్ ఆగకుండా పనిచేస్తే పది వేల కూడికల్లో 7,500 దగ్గర ఉండవలసిన లెక్క 5,000 దగ్గరికి జారుతుంది, అది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. పైగా ఈ సర్క్యూట్ జవాబును ఎన్నడూ పెంచదు కనుక, కచ్చితమైన మొత్తం కంటే ఒక్క అంకె ఎక్కువ వచ్చినా అక్కడ వేరే చెయ్యి ఉన్నట్టే. అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి, చిప్ ఇచ్చిన జవాబును కచ్చితమైన కూడికతో పోల్చి హద్దులో ఉందా అని చూడటం మానేసి, ఆ ఉజ్జాయింపు పద్ధతి సాఫ్ట్‌వేర్ నమూనాతోనే బిట్‌కు బిట్ పోల్చడం. 77, 54 ఇస్తే ఈ సర్క్యూట్ 127 మాత్రమే చెప్పాలి, 126 చెప్పకూడదు. అనుమతించిన తప్పు కూడా కచ్చితంగా అదే తప్పు అయి ఉండాలి. ఇంత చేసినా, అరుదైన సంకేతానికి మాత్రమే మేలుకొనే ట్రోజన్‌కు ఆ సంకేతం పరీక్షలో తగలకపోతే అది నిద్రపోతూనే ఉంటుందన్నది నిజమే. అయితే ఆ కష్టం కచ్చితమైన చిప్‌లకూ ఉన్నదే, ఉజ్జాయింపు తెచ్చిన కొత్త కష్టం కాదు.

ఉపయోగం లేదనుకున్న బిట్లలో మరొకరి మాటలు ప్రయాణించగలవన్న ఎరుక చాలా పాతది. అమెరికాలోని సాండియా ప్రయోగశాలలో పనిచేసిన గస్టావస్ సిమన్స్ 1983లో దీన్ని ఖైదీల సమస్యగా చెప్పాడు. ఇద్దరు ఖైదీలు ఉత్తరాలు రాసుకోవచ్చు, జైలు అధికారి ప్రతి ఉత్తరమూ చదువుతాడు, అందులో దాపరికం ఉందనిపిస్తే ఆపేస్తాడు. అయినా ఇద్దరూ పారిపోయే పథకం వేసుకోవాలి. ఉత్తరం అసలైనదేనని నిరూపించే సంతకంలో సంతకం చేసేవాడి ఇష్టానికి వదిలిన భాగం ఉంటే, ఆ ఇష్టమే రెండో ఉత్తరం అవుతుందని సిమన్స్ చూపించాడు. ఈ ఆలోచన ఆయనకు కథల నుంచి రాలేదు, అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య ఆయుధ నియంత్రణ ఒప్పందాల అమలును తనిఖీ చేసే పరికరాల మీద జరిగిన పని నుంచి వచ్చింది. ఉజ్జాయింపు గణనలో అలా ఇష్టానికి వదిలిన భాగం ఎక్కడో మూలన దాగి లేదు. ప్రతి కూడికలోనూ, ప్రతి పిక్సెల్‌లోనూ, రూపకర్త అనుమతితోనే ఉంది. 1024 చుక్కల వెడల్పు, 1024 చుక్కల ఎత్తు ఉన్న ఒక రంగుల బొమ్మలో చుక్కకు మూడు రంగుల చొప్పున ఒక్కొక్క చివరి బిట్ తీసుకుంటే 3,93,216 బైట్లు అవుతాయి. ఒక మోస్తరు పుస్తకం పట్టేంత చోటు అది.

ఇప్పటిదాకా చెప్పిన దోషానికి ఒక సూత్రం ఉంది కనుక పోల్చడానికి ఒక నమూనా ఉంది. రిఫ్రెష్ తగ్గించిన మెమరీలో, వోల్టేజీ తగ్గించిన ప్రాసెసర్‌లో దోషం సూత్రం నుంచి రాదు, సిలికాన్ నుంచి వస్తుంది. అక్కడ సంగతి ఇంకా లోతైనది.

ఒకే ఫ్యాక్టరీలో ఒకే రోజు తయారైన రెండు డీర్యామ్ చిప్‌లు కొనేవాడికి ఒకటే. లోపల మాత్రం కోట్లాది కెపాసిటర్లలో ఏ రెండూ అచ్చంగా ఒక్కలా కారవు. తయారీలో వచ్చే అణువంత తేడాల వల్ల కొన్ని గడులు త్వరగా, కొన్ని నిదానంగా ఖాళీ అవుతాయి. 64 మిల్లీసెకన్ల నియమం అన్నిటికంటే బలహీనమైన గడిని కూడా కాపాడేలా పెట్టినది కాబట్టి, ఆ నియమం పాటించినంత కాలం ఈ తేడాలు బయటపడవు. నియమం సడలించిన మరుక్షణం ఏ గడులు ముందు చెడిపోతాయో అవే మళ్ళీ మళ్ళీ చెడిపోతాయి. మిచిగన్ విశ్వవిద్యాలయంతో సంబంధమున్న అమీర్ రహమతి, మాథ్యూ హిక్స్, డేనియల్ హోల్‌కోంబ్, కెవిన్ ఫూ 2015లో ఈ విషయాన్నే ప్రయోగం చేసి చూశారు. చెడిన బిట్ల అమరిక ఆ చిప్‌కు వేలిముద్రలా పనిచేస్తుందనీ, ఉష్ణోగ్రత మారినా, రిఫ్రెష్ సడలింపు స్థాయి మారినా ఆ ముద్ర నిలబడుతుందనీ తేల్చారు. ఒకే చిప్ నుంచి వచ్చిన రెండు ఫలితాల మధ్య దూరానికీ, వేర్వేరు చిప్‌ల ఫలితాల మధ్య దూరానికీ దాదాపు వంద రెట్ల తేడా కనిపించింది. బొమ్మలు మార్చే ఒక మామూలు ప్రోగ్రామ్ నుంచి వంద కంటే తక్కువ ఫలితాలు చేతికొస్తే చాలు, అవన్నీ ఒకే యంత్రానికి చెందినవని చెప్పగల ముద్ర తయారు కావడం మొదలవుతుందని వారి లెక్క.

దీని అర్థం మనుషుల జీవితాల్లోకి తెచ్చుకుని చూడవలసినది. ఎవరైనా ఒక అక్రమాన్ని ఫోటో తీసి, పేరు లేకుండా, చోటు వివరాలు చెరిపేసి, నెట్‌వర్క్ చిరునామా కూడా దాచి పంపారనుకుందాం. వారి పరికరం ఆ బొమ్మను ఉజ్జాయింపు మెమరీలో ఉంచి సవరించి ఉంటే, బొమ్మలో అక్కడక్కడ తప్పిన చుక్కలు ఆ పరికరం సంతకాన్ని మోసుకుపోతాయి. అదే మనిషి తన పేరుతో బయట పెట్టిన పండుగ ఫోటోలు నలభై, యాభై సేకరించి పోల్చినవారికి ఈ రెండూ ఒక చేతివేనని అనుమానించే ఆధారం దొరుకుతుంది. కెమెరా సెన్సార్ విషయంలో ఇలాంటి గుర్తింపు ముందే రుజువైంది. ప్రతి సెన్సార్‌కూ తనదైన సన్నని లోపాల అల్లిక (నాయిస్) ఉంటుందని, దాన్నిబట్టి ఫోటో ఏ కెమెరాదో చెప్పవచ్చునని జెస్సికా ఫ్రిడ్రిక్, ఆమె సహచరులు 2006లో చూపించారు, నేరపరిశోధనలో ఆ పద్ధతి స్థిరపడింది. కెమెరా కనీసం ఫోటోలకే పరిమితం. ఉజ్జాయింపు మెమరీ తన మీదుగా వెళ్ళిన ప్రతి వస్తువు మీదా, అది శబ్దమైనా, పటమైనా, సెన్సార్ లెక్కలైనా, ముద్ర వేస్తుంది. వాడేవారికి ఆ ముద్ర కనపడదు, దాన్ని ఆపే మీట కూడా వారి చేతిలో ఉండదు. ఈ రంగంలోని ప్రమాదాలన్నిటిలో దీన్నే అత్యంత తీవ్రంగా తీసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ దాడి చేసినవాడెవడూ లేడు. పరికరం తన పని తాను చేస్తూనే యజమానిని పట్టిస్తోంది.

మెమరీ తరువాత ప్రమాదానికి రెండో ద్వారం వోల్టేజీ. ఉజ్జాయింపు గణన కోరుకునేది వోల్టేజీని, గడియార వేగాన్ని సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛగా తిప్పగలిగే మీట. ఆ మీట శత్రువు చేతిలో పడితే ఏమవుతుందో 2017లో క్లాక్‌స్క్రూ దాడి చూపింది. కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు నెక్సస్ 6 ఫోనులో విద్యుత్తు నియంత్రణ మీటలను సాఫ్ట్‌వేర్‌తోనే హద్దు దాటించి, ట్రస్ట్‌జోన్ అనే సురక్షిత భాగంలో దోషాలు పుట్టించి రహస్య తాళాలు రాబట్టారు. 2019లో ప్లండర్‌వోల్ట్ పేరుతో ఇంటెల్ ప్రాసెసర్లలో రహస్య పనులను విడిగా ఉంచే ఎస్‌జీఎక్స్ రక్షణ మీద అదే తరహా దాడి బయటపడింది. వోల్టేజీ తగ్గించే మీటను మూసివేసేలా ఇంటెల్ సవరణలు విడుదల చేయవలసి వచ్చింది.

ఒకే ఒక్క బిట్ తప్పితే అంత నష్టమా అన్న అనుమానం సహజం. బోనే, డిమిల్లో, లిప్టన్ అనే పరిశోధకులు 1997లో ప్రచురించిన ఫలితం దానికి జవాబు చెబుతుంది, చేతిలెక్కతోనే దాన్ని సరిచూడవచ్చు. ఆర్‌ఎస్‌ఏ అనే గూఢలిపి పద్ధతితో చేసే డిజిటల్ సంతకంలో రెండు రహస్య ప్రధాన సంఖ్యలు 11, 13 అనుకుందాం. లోకానికి తెలిసేది వాటి లబ్ధం 143, సరిచూసే ఘాతం 7. సందేశం 5 అయితే చిప్ వేగం కోసం సంతకాన్ని 11తోనూ 13తోనూ విడివిడిగా లెక్కిస్తుంది. 11 వైపు శేషం 4 వస్తుంది, 13 వైపు శేషం 8 వస్తుంది, ఈ రెండు శేషాలూ ఇచ్చే సంఖ్య 125, అదే సంతకం. ఇప్పుడు వోల్టేజీ తగ్గడం వల్ల 13 వైపు లెక్కలో చివరి బిట్ ఒక్కటి మారి 8 బదులు 9 వచ్చింది. 4, 9 శేషాలు ఇచ్చే సంఖ్య 48, కాబట్టి సంతకం 48 అవుతుంది. దాన్ని చూసిన ఎవరైనా 48ని 7వ ఘాతానికి పెంచి 143తో భాగిస్తే శేషం 126 వస్తుంది. అందులోంచి సందేశం 5 తీసేస్తే 121. 121కీ 143కీ ఉన్న గరిష్ఠ సామాన్య భాజకం 11. రహస్య సంఖ్య బయటపడింది. వందలాది అంకెల సంఖ్యలకూ ఇదే వర్తిస్తుంది. ఒక తప్పు సంతకం చేతికొస్తే చాలు. ఫోటోలో 200 బదులు 201 ఎవరికీ పట్టదు, సంతకంలో 8 బదులు 9 అన్నది తాళంచెవిని గడప మీద పెట్టడమే. అందువల్ల ఒకే చిప్ మీద ఉజ్జాయింపు పని, రహస్య పని పక్కపక్కనే నడిచేటప్పుడు వాటి వోల్టేజీలు, మెమరీలు వేరువేరుగా ఉండటం తప్పనిసరి.

ఈ విభజనను ప్రోగ్రామింగ్ భాషలోకి తెచ్చిన ప్రయత్నం ఎనర్‌జె. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ సాంప్సన్, సహచరులు 2011లో జావాకు చేసిన ఈ విస్తరణలో ప్రోగ్రామర్ ప్రతి విలువకూ ఉజ్జాయింపుదో కచ్చితమైనదో గుర్తు పెడతాడు. ఉజ్జాయింపు విలువ కచ్చితమైన దానిలోకి పోవాలంటే ప్రోగ్రామర్ ప్రత్యేకంగా ఆమోదముద్ర వేయాలి, లేకపోతే ప్రోగ్రామ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఒప్పుకోదు. చాలా మంచి క్రమశిక్షణ అది. అయితే అది కాపాడేది చెడిన విలువ మంచి విలువను పాడుచేయకుండా మాత్రమే. వ్యతిరేక దిశలో, కచ్చితమైన విలువ ఉజ్జాయింపు గదిలోకి వెళ్ళడానికి ఏ అడ్డూ లేదు, ఎందుకంటే సరైన విలువను కాస్త అజాగ్రత్తగా దాచితే ఫలితం చెడదని భాష భావిస్తుంది. రహస్యం విషయంలో అడ్డు ఉండవలసినది సరిగ్గా ఆ దిశలోనే. రహస్య తాళంతో లెక్కకట్టిన విలువ, లేదా యజమానిని పట్టించగల విలువ, ముద్ర వేసే మెమరీలోకి దిగకూడదు. విలువ నాణ్యతకు ఒక గుర్తు, గోప్యతకు ఇంకో గుర్తు ఉండి, రెండూ వ్యతిరేక దిశల్లో కాపలా కాస్తేనే ఈ లోటు తీరుతుంది.

న్యూరల్ నెట్‌వర్క్‌ల దగ్గరికి వస్తే ఖాళీ చోటు పరిమాణమే మారిపోతుంది. వాటి లెక్కల్లో వాడే 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ) సంఖ్యలో ఒక బిట్ ధన, ఋణ గుర్తుకు, 8 ఘాతానికి, 23 భిన్న భాగానికి. భిన్న భాగంలో చివరి 8 బిట్లు పూర్తిగా మార్చేసినా విలువలో వచ్చే తేడా 32,768లో ఒక వంతు కంటే తక్కువ. అలెక్స్‌నెట్ అనే పేరుపొందిన నెట్‌వర్క్‌లో శిక్షణలో నేర్చుకున్న విలువలు, అంటే పారామీటర్లు, సుమారు 6 కోట్లున్నాయి, పారామీటర్‌కు ఒక్కో బైటు చొప్పున దాచినా 6 కోట్ల బైట్లు. శిక్షణ ప్రోగ్రామ్ అందించినవాడు వినియోగదారుడి సొంత శిక్షణ డేటానే పారామీటర్ల చివరి బిట్లలో దాచి బయటికి తేగలడని 2017లో కాంగ్‌జెంగ్ సాంగ్, టామస్ రిస్టెన్‌పార్ట్, విటాలీ ష్మాటికోవ్ చూపించారు. 2021లో ఈవిల్‌మోడల్ అనే పరిశోధన 178 మెగాబైట్ల అలెక్స్‌నెట్ మోడల్‌లో 36.9 మెగాబైట్ల హానికర సాఫ్ట్‌వేర్‌ను దాచింది, నెట్‌వర్క్ జవాబుల కచ్చితత్వం ఒక్క శాతానికి మించి తగ్గలేదు. కచ్చితత్వమే ఏకైక పరీక్ష అయినచోట ఆ మోడల్ నిక్షేపంగా ఉత్తీర్ణమవుతుంది.

ఇక్కడ ఉజ్జాయింపే మందుగా కూడా పనికొస్తుంది. అదే మోడల్‌ను 7 భిన్న బిట్లు మాత్రమే ఉన్న బీఫ్లోట్16 రూపంలోకి మారిస్తే చివరి 16 బిట్లూ, వాటిలో దాచినదంతా, ఊడ్చుకుపోతాయి. నెట్‌వర్క్ మాత్రం దాదాపు ఎప్పటిలాగే పనిచేస్తుంది. బయటి నుంచి తెచ్చుకున్న మోడల్‌ను వాడేముందు ఇలా ఒకసారి కుదించడం చవకైన జాగ్రత్త. దానికీ ఒక మెలిక ఉంది. పూర్తి కచ్చితత్వంతో ఉన్నప్పుడు సాధువులా ప్రవర్తించి, కుదించిన తరువాతే చెడు ప్రవర్తన బయటపెట్టేలా మోడల్‌కు శిక్షణ ఇవ్వవచ్చునని 2021లోనే పరిశోధకులు నిరూపించారు. అందుచేత కుదించకముందు చేసిన పరీక్ష కుదించిన తరువాత చెల్లదు, ఏ రూపంలో వాడతారో ఆ రూపంలోనే పరీక్షించాలి.

ఖాళీ చోటును యజమాని తానే వాడుకోవడమూ ఉంది. ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యల చివరి బిట్లలో సమాచారం దాచి, తక్కువ శక్తితో నడుస్తూ ఇంటర్నెట్‌కు కలిసి ఉండే చిన్న పరికరాల (ఐఓటీ) గుర్తింపుకు, డేటా అసలైనదేనని నిరూపించడానికి వాడే పద్ధతులను మేరీలాండ్ విశ్వవిద్యాలయంలోని గాంగ్ చూ బృందం ప్రతిపాదించింది. సర్క్యూట్ గీసినవారు ఒక్కో కొనుగోలుదారుకు దోషం కొద్దికొద్దిగా వేరుగా ఉండే రూపం ఇస్తే, నకలు ఎక్కడ బయటపడినా అది ఎవరి చేతి నుంచి జారిందో దోషమే చెబుతుంది. మెమరీ వేలిముద్ర కూడా యజమాని సమ్మతితో వాడితే పరికరం గుర్తింపు కార్డు అవుతుంది. ఇవన్నీ ఉపయోగకరమే. కానీ చివరి బిట్లలో వాటర్‌మార్క్, అంటే యజమాని దాచిన గుర్తు, ఉండటమే రక్షణ అనుకుంటే పొరపాటు. ఆ బిట్లను యజమాని ఎంత తేలిగ్గా మార్చగలిగాడో దొంగా అంతే తేలిగ్గా చెరపగలడు, తనదైన గుర్తు పెట్టగలడు. పద్ధతి శత్రువుకు తెలిసినా రహస్యం తాళంలోనే నిలవాలని ఆగస్ట్ కెర్కాఫ్స్ 1883లో చెప్పిన సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. గుర్తును రహస్య తాళంతో లెక్కకట్టి, తాళం లేనివాడు దాన్ని తయారుచేయలేని విధంగా ఉంచకపోతే అది అలంకారమే.

వేలిముద్ర చెరపడానికి చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. డేటాను మెమరీలో ప్రతిసారీ వేరే చోట పెట్టవచ్చు, కానీ 2015 పరిశోధకులు ముక్కలను అతికి పూర్తి ముద్ర తయారుచేసే పద్ధతినే వాడారు కనుక ఇది ఆలస్యం చేస్తుందే గాని ఆపదు. ఫలితంలో కావాలని మరికొన్ని యాదృచ్ఛిక దోషాలు కలపవచ్చు, కానీ నిజమైన దోషాలు ప్రతిసారీ అవే గడుల్లో వస్తాయి, కలిపినవి ఎక్కడెక్కడో వస్తాయి కనుక, ఎక్కువ ఫలితాలు సేకరించినవాడు రెండింటినీ విడదీయగలడు. బలహీనమైన గడులను ముందే గుర్తించి వాటిని వాడకపోవడం, పరికరం నుంచి బయటికి వెళ్ళే డేటాను కచ్చితమైన మెమరీలోనే ఉంచడం ఇంతకంటే గట్టి మార్గాలు, వాటికి ఖర్చూ ఎక్కువే. మెమరీలో 20 నుంచి 25 శాతం ఆదా అని చెప్పే లెక్కలోంచి ఈ ఖర్చు తీసేశాక మిగిలేదెంత అన్నది ఆ మెమరీ చేసే పనిని బట్టి విడివిడిగా తేల్చవలసినదే. తెర మీద ఒక క్షణం కనిపించి మాయమయ్యే ఆట బొమ్మలకు ఒక లెక్క, బయటికి పంపే ఫోటోకు ఇంకో లెక్క. ఫోను తయారీదారు ప్రకటనలో ఆ రెండు అంకెలూ విడివిడిగా కనిపించాలి.